తెర ముందు కూర్చున్నాక ఏమవుతుంది?

మహిళా దినోత్సవం, మార్చి 8 వస్తోందంటే కాలేజీల్లో, మండల సమాఖ్య భవనాల్లో, బస్తీ కమ్యూనిటీ హాళ్లలో కార్యక్రమం దాదాపు ముందే ఖరారై ఉంటుంది. ముగ్గుల పోటీ, శాలువాలు, ఒక ఉపన్యాసం, ఈమధ్య వీటికి తోడు ఓ సినిమా. ప్రొజెక్టర్ అద్దె పెద్ద ఖర్చేం కాదు, పిలిస్తే జనం వస్తారు, ఫొటోలు బాగా పడతాయి. అయితే మహిళల హక్కుల పేరిట పదిమందిని కూర్చోబెట్టి సినిమా చూపిస్తే నిజంగా ఒరిగేదేమిటన్న దాని మీద ప్రపంచంలో యాభై ఏళ్లకు పైగా వాదన నడుస్తోంది. ఆ వాదనలో అయిదారు ప్రశ్నలు చిక్కుపడిపోయాయి. ఏ సినిమా చూపాలి? అది ఎవరు తీసినది కావాలి? ఎవరు చూడాలి? చూశాక మాట్లాడించాలా, ఎవరి దారిన వాళ్లను పోనివ్వాలా? ఫలితాన్ని దేనితో కొలవాలి? ఒకరు ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంటే ఇంకొకరు వేరే ప్రశ్న మీద అభ్యంతరం లేవదీస్తారు. అందుకే ఎంత చర్చించినా తెగడం లేదు. చిక్కు విప్పాలంటే మొదటినుంచీ రావాలి.

రీలు ఆపి మాట్లాడించిన వాళ్లు

సినిమా ప్రదర్శనను ఉద్యమ సభగా మార్చవచ్చన్న ఆలోచనకు గట్టి రూపం ఇచ్చింది అర్జెంటీనా దర్శకులు ఫెర్నాందో సొలానాస్, ఒక్తావియో గెతీనో. సైనిక పాలన రోజుల్లో, 1968లో, వాళ్లు తీసిన ‘ది అవర్ ఆఫ్ ది ఫర్నేసెస్’ను రహస్యంగా ఇళ్లల్లో, యూనియన్ ఆఫీసుల్లో చూపేవారు. సినిమా మధ్యలోనే ఆపి చర్చించుకోవడానికి చోటు వదిలారు. తెర మీద నడిచేది ఒక సాకు మాత్రమే, దాని కోసం పోగైన మనుషులే ముఖ్యం అన్నది వాళ్ల సిద్ధాంతం. ఆ సిద్ధాంతంలో ఆడవాళ్ల ప్రస్తావన దాదాపు లేదు. తర్వాతి కాలపు స్త్రీవాదులు మాత్రం ఆ పద్ధతిని మొహమాటం లేకుండా తీసేసుకున్నారు.

కెనడాలో ఇదే పని ప్రభుత్వ డబ్బుతో జరిగింది. అక్కడి నేషనల్ ఫిల్మ్ బోర్డు 1967లో ‘ఛాలెంజ్ ఫర్ ఛేంజ్’ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులోంచి వచ్చిన కాథ్లీన్ షానన్ 1974లో స్టూడియో డి నెలకొల్పారు. ప్రభుత్వ నిధులతో మహిళలే నడిపిన సినిమా విభాగం ప్రపంచంలో అదే మొదటిది. ఉద్యోగం చేసే తల్లుల మీద షానన్ తీసిన చిత్రాలు చాలా చిన్నవి. గంటన్నర సినిమా చూశాక జనానికి ఇల్లు గుర్తొస్తుంది, పావుగంట సినిమా తర్వాత నోరు లేస్తుంది. 1996లో ఖర్చు తగ్గింపులో భాగంగా స్టూడియో డి మూతపడింది.

అంతకు ముందే, 1970ల్లో, స్త్రీవాదుల్లోనే పెద్ద చీలిక వచ్చింది. 1975లో సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ రాసిన వ్యాసం, మామూలు సినిమా భాషే మగచూపు మీద కట్టిందని, ఆ భాషలో స్త్రీ విముక్తి కథ చెబితే లాభం లేదని వాదించింది. ఈ ఆలోచన ప్రకారం ఒకామె కెమెరా ముందు కూర్చుని తన కష్టం చెప్పే డాక్యుమెంటరీ కూడా పాత సీసాలో పోసిన సరుకే. దీనికి సినీ విమర్శకురాలు జూలియా లెసాజ్ 1978లో జవాబిచ్చారు. ఆడవాళ్లు చిన్న గుంపులుగా చేరి, ఒకరి తర్వాత ఒకరు తమ బతుకు చెప్పుకుని, ఇది నా ఒక్కదాని రాత కాదని తెలుసుకునే సమావేశాల నిర్మాణమే ఆ డాక్యుమెంటరీలకూ వచ్చిందన్నది ఆమె వాదన. కనుక వాటిని కళాఖండాలుగా కాకుండా సమావేశాలుగా చూడాలి. విశ్వవిద్యాలయాల్లో మల్వీ గెలిచారు. మన ఊళ్లలో ప్రొజెక్టర్ పెట్టే ప్రతి చోటా, పేరు తెలియకపోయినా, లెసాజ్ వాదనే నడుస్తోంది.

హైదరాబాద్‌లో 1983

ఇండియాలో పదిమందీ ఒకచోట చేరి చూడటమంటే మొదట గుర్తొచ్చేది సర్కారు వారి తెర. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఊరికొక టీవీ, అదీ అందరూ వచ్చే చోట. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ పాఠాలు పైనుంచి కిందికి దిగాయి. ఊళ్లోంచి పైకి వెళ్లే దారి మాత్రం అందులో పెట్టలేదు.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో మొదలైంది యుగాంతర్. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, నవ్రోజ్ కాంట్రాక్టర్, మీరా రావు 1980లో కలిసి పెట్టుకున్న బృందం అది. 1983లోపు నాలుగు సినిమాలు తీశారు. పుణె ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల మీద ఒకటి, నిప్పాణి పొగాకు కార్ఖానాల్లో కూలీలు సంఘం కట్టిన తీరు మీద ఇంకొకటి, చిప్కో ఉద్యమంలోని ఓ మహిళ మీద మరొకటి. నాలుగోది మనది. పేరు ‘ఇది కథ మాత్రమేనా’.

ఈ సినిమా దగ్గర కాస్త ఆగాలి. 1970ల చివర్లో హైదరాబాద్‌లో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటన, యుగాంతర్ కలిసి 1983లో తీసిన ఇరవై ఆరు నిమిషాల తెలుగు చిత్రమిది. తక్కిన మూడింటిలా డాక్యుమెంటరీ కాదు, కథ. ఆ ఎంపికలోనే తెలివి ఉంది. ఇంట్లో దెబ్బలు తినే మనిషిని కెమెరా ముందుకు లాగి చెప్పించడం ఎవరికీ ఇష్టం లేదు, క్షేమమూ కాదు. సంఘంలోని వాళ్లు తాము చూసినవీ విన్నవీ కలబోసుకుని, సన్నివేశాల్ని అప్పటికప్పుడు అల్లుకుంటూ కథ కట్టారు. ఎవరి బతుకో బయట పడకుండానే అందరి బతుకూ తెర మీదికొచ్చింది. తెర మీద కొట్టడం కంటే, కొట్టించుకున్న మనిషి ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనానికి ఎక్కువ చోటిచ్చారు. భర్త క్రూరత్వాన్ని నేరంగా గుర్తించిన 498-ఎ సెక్షన్ చట్టంలోకి వచ్చింది సరిగ్గా ఆ ఏడాది డిసెంబరులోనే. అంటే ఈ సినిమా తయారవుతున్నప్పుడు దానికి తోడుగా చెప్పుకోవడానికి చట్టం కూడా లేదు. గృహహింస చట్టం రావడానికి ఇంకో ఇరవై రెండేళ్లు పట్టింది.

యుగాంతర్ సినిమాల విలువ వాటి నిడివిలోనో కెమెరా పనితనంలోనో లేదు. తీయకముందు ఒక సంఘం ఉంది, తీశాక చూపడానికి అదే సంఘం మనుషులున్నారు. ఈ క్రమాన్ని తర్వాతి వాళ్లు తిరగేశారు. ముందు సినిమా, ఆ పైన దానికి జనాన్ని వెతకడం.

కెమెరా ఎత్తు ఎంత?

ఇంకో వర్గం అసలు వాదనే మార్చేసింది. ఎవరో తీసిన సినిమాని మేమెందుకు చూడాలి, మేమే తీస్తామంది. 1984లో అహ్మదాబాద్‌లోని ‘సేవా’ సంఘంలో అమెరికన్ వీడియో నిపుణురాలు మార్తా స్టూవర్ట్ దగ్గర ఆడవాళ్లు వీడియో తీయడం నేర్చుకున్నారు. వాళ్లలో అక్షరం ముక్క రానివాళ్లూ ఉన్నారు. మన దగ్గర జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు కెమెరా పట్టారు. వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు వరంగల్ బీటీ పత్తి రైతుల గోడు మీద తీసిన చిత్రం దేశం దాటి వెళ్లింది. 2008లో ఆ ప్రాంతంలోనే సంఘం రేడియో మొదలైంది.

పస్తాపూర్ మహిళలు షాట్లను గుర్తుపెట్టుకున్న తీరు సినిమా పాఠశాలలన్నిటికీ పనికొస్తుంది. పై నుంచి కిందికి తీస్తే అది పటేల్ షాట్, దొర మనల్ని చూసే చూపు. కింది నుంచి పైకి తీస్తే పాలేరు చూపు. కంటికి కన్ను సమానంగా పెడితే సంఘం షాట్, సంఘంలో అందరూ చాప మీదే కూర్చుంటారు కాబట్టి. మల్వీ పేజీల కొద్దీ రాసిన సంగతిని వీళ్లు మూడు ఎత్తుల్లో తేల్చేశారు.

ఈ వర్గానికీ బలహీనత ఉంది. తీయడంలో వచ్చే ధైర్యం తీసిన పదిమందిది. చూసే వందమందికి అదెంత అందుతుందన్నది వేరే ప్రశ్న. పైగా ఇలాంటి చిత్రాలకు పక్క ఊళ్లో కంటే పరదేశపు పండగల్లోనే ఎక్కువ ప్రేక్షకులు దొరుకుతుంటారు.

కొలిచి చూస్తే

ఇన్నాళ్లూ నమ్మకాల మీద నడిచిన వాదనలోకి గత పదిహేను ఇరవై ఏళ్లుగా లెక్కలు వచ్చాయి. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఇండియాలో అయిదు రాష్ట్రాల ఊళ్లను పరిశీలించింది. కేబుల్ టీవీ వచ్చిన చోట భార్యను కొట్టడం తప్పుకాదనే వాళ్లు, కొడుకే కావాలనే వాళ్లు తగ్గారని అది చెప్పింది. మహిళల స్వేచ్ఛను కొలిచిన తీరు సరిగా లేదని 2014లో ఆ లెక్కల్ని తిరగదోడిన వాళ్లు ప్రశ్నించారు, అసలు రచయితలు బదులిచ్చారు. ఏమైనా అది ఇంట్లో కూర్చుని చూసే సీరియళ్ల సంగతి. నలుగురిలో చూడటానికి నేరుగా వర్తించే ప్రయోగాలు రెండున్నాయి.

మొదటిది ఉగాండాలో. 2016లో డొనాల్డ్ గ్రీన్, అన్నా విల్కె, జాస్పర్ కూపర్ అనే పరిశోధకులు 112 ఊళ్ల వీడియో హాళ్లలో ఉచితంగా సినిమాలు వేశారు. విరామంలో చిన్న కథాచిత్రాలు చూపారు. కొన్ని ఊళ్లలో ఆ చిత్రాలు భార్యల మీద హింస గురించి, కొన్నిట్లో వేరే విషయాల గురించి. కథలోని తప్పు భర్తది మాత్రమే కాదు, సంగతి తెలిసీ నోరు మెదపని ఇరుగుపొరుగుది కూడా. నెలల తర్వాత వెళ్లి అడిగితే విచిత్రమైన జవాబొచ్చింది. భార్యను కొట్టడం తప్పా ఒప్పా అన్న అభిప్రాయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కానీ పక్కింట్లో అలా జరిగితే ఊరి పెద్దలకో పోలీసులకో చెబుతామనే ఆడవాళ్లు పెరిగారు. చెబితే చాడీలు చెప్పేదాన్నని ఆడిపోసుకుంటారన్న భయం తగ్గింది. ఇళ్లల్లో హింస కూడా కొంత తగ్గినట్టు ఆ సర్వేలో సూచనలు కనిపించాయి.

రెండోది మెక్సికోలోని ఒవాహాకా రాష్ట్రంలో, శాన్ బార్తొలొమే కియలానా అనే ఊళ్లో. అక్కడ సినిమా లేదు, మహిళల మీద హింస గురించిన రేడియో నాటకం ఉంది. ఎరిక్ అరియాస్ 2019లో ప్రచురించిన ఈ పరిశోధనలో కొందరు ఆ నాటకాన్ని సీడీలో ఒంటరిగా విన్నారు. ఇంకొందరు నలుగురిలో, అందరూ వింటున్నారని తెలిసే పద్ధతిలో విన్నారు. ఒంటరిగా విన్నవాళ్లలో మార్పు కనిపించలేదు, కలిసి విన్నవాళ్లలో కనిపించింది.

ఈ రెండూ పక్కపక్కన పెడితే పాత వాదనల్లో కొన్ని తేలిపోతాయి. సినిమా మనసు మారుస్తుందన్నది ప్రచార వర్గం ఆశ. ఉగాండా దాన్ని బలపరచలేదు. ప్రదర్శన వట్టి తంతు అన్నది విమర్శకుల మాట. దాన్నీ బలపరచలేదు. మారింది మనసు కాదు, పక్కవాళ్ల మనసు గురించిన అంచనా. కొట్టడం తప్పని ఆమెకు ముందే తెలుసు. పక్కింటావిడకూ అది తప్పే అనిపిస్తుందని తెలియదు. సొలానాస్ చర్చ కోసం చోటు వదిలింది ఎందుకో, యుగాంతర్ వాళ్లు ఒంటరితనం మీద సినిమా ఎందుకు తీశారో ఈ అంకెలు చూశాక ఇంకా బాగా అర్థమవుతుంది.

తెలుగునాట దీనికి సినిమాతో పనిలేని సాక్ష్యం ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. సారా ఇల్లు గుల్ల చేస్తుందని ఆ పాఠం చెబితేనే వాళ్లకు తెలిసిందనుకుంటే పొరపాటు. రాత్రి బడిలో అందరూ ఒకేచోట కూర్చుని ఒకే కథ చదవడం కొత్త. ఆ ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్లకే రెండోది సడలింది. గుంపుగా కలిగిన ఎరుక ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ ఒక్క ఉదాహరణలోనే ఉంది.

చూపించకూడదన్న వాళ్లు

మహిళల హక్కుల కోసమే ఒక సినిమాని ఆపాలని అడిగిన సందర్భం 2015లో వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఉదంతం మీద లెస్లీ ఉడ్విన్ తీసిన ‘ఇండియాస్ డాటర్’ను సరిగ్గా మార్చి 8న ప్రసారం చేయాలనుకున్నారు. జైల్లో దోషి మాటలు అందులో ఉన్నాయని కోర్టు ఉత్తర్వు ద్వారా ప్రసారం ఆపారు. ప్రభుత్వ నిషేధాన్ని చాలామంది స్త్రీవాదులు వ్యతిరేకించారు. కానీ అప్పీళ్లు నడుస్తుండగా దోషి ఇంటర్వ్యూ వేయవద్దని ఇందిరా జైసింగ్ వంటి న్యాయవాదులు విడిగా కోరారు. ప్రసారం కావాల్సిన ఆ గంటసేపు ఎన్డీటీవీ తెర మీద దీపం బొమ్మ తప్ప మరేమీ వేయలేదు. బీబీసీ మాత్రం నాలుగు రోజుల ముందే చూపేసింది.

ఆ గొడవ నిషేధం, స్వేచ్ఛ అన్న రెండు ముక్కల్లో ముగిసిపోవడం దురదృష్టం. అసలు అభ్యంతరం వేరే. ఒక దోషి నోట వచ్చిన స్త్రీ ద్వేషాన్ని వెయ్యిమందికి వినిపిస్తే, అది వాళ్లను సిగ్గుపడేలా చేస్తుందా, లేక వాళ్లలో కొందరి లోపలి మాటకు మైకు ఇచ్చినట్టవుతుందా? ఉగాండా లెక్క ప్రకారం ప్రేక్షకుడు తెర నుంచి నేర్చుకునేది ‘మిగతావాళ్లు ఏమనుకుంటున్నారు’ అన్న సమాచారం. అలాగైతే ఏ మాటను ఎవరి నోట వినిపిస్తున్నామన్నది చిన్న సంగతి కాదు.

మరో రకం విమర్శ వ్యాపార సినిమాల మీద. ‘పింక్’ 2016లో ముగ్గురు అమ్మాయిల కథ. అదే 2021లో ‘వకీల్ సాబ్’ అయ్యేసరికి హీరోకి ఫైట్లు, ఫ్లాష్‌బ్యాక్ వచ్చి చేరాయి. సమ్మతి గురించి మాట్లాడటానికి ఆ సినిమానే కాలేజీల్లో వేస్తే ఎక్కువమంది పిల్లలు వస్తారన్నది నిజం. రక్షించే మగవాడు లేకపోతే ఆ హక్కులకు దిక్కులేదన్న పాఠమూ పక్కనే నడుస్తుందన్నదీ నిజం. ‘నా బంగారు తల్లి’ లాంటి సినిమా ఉండగా దీన్నే ఎందుకు ఎంచుకుంటారంటే జవాబు పోస్టర్ మీదే ఉంది.

కుర్చీలెవరివి, మైకెవరిది

ఎవరికి చూపాలన్న దాని మీద రెండు పక్షాలు. అధికారం ఉన్నవాళ్లకు చూపితే చాలంటారు ఒకరు. అమెరికా సైన్యంలో అత్యాచారాల మీద తీసిన ‘ది ఇన్విజిబుల్ వార్’ను 2012 ఏప్రిల్‌లో రక్షణ మంత్రి లియాన్ పనెట్టా చూసి రెండు రోజుల్లో ఫిర్యాదుల విచారణ పద్ధతి మార్చారు. పాకిస్థాన్‌లో షర్మీన్ ఒబైద్ చినాయ్ తీసిన పరువు హత్యల చిత్రాన్ని 2016లో ప్రధాని నివాసంలో చూపారు. అదే ఏడాది అక్టోబరులో చట్టం బిగించారు. కానీ ఆ మధ్య జూలైలో సోషల్ మీడియా తార ఖందీల్ బలోచ్‌ను పరువు పేరిట సొంత సోదరుడే చంపాడు. చట్టాన్ని సినిమా తెచ్చిందా, హత్య మీద రేగిన ఆగ్రహం తెచ్చిందా అంటే విడదీయడం కష్టం. మన సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో న్యాయమూర్తులకు ‘లాపతా లేడీస్’ వేయించింది. దాని వల్ల ఏ తీర్పు మారిందని అడగడం అన్యాయమే కానీ, న్యాయమూర్తులు కూడా కలిసి కూర్చుని చూడాలన్న ఆలోచన బాగుంది.

రెండో పక్షం ఊరు చూడాలంటుంది. అక్కడ ఇంకో తగువు: మగవాళ్లు ఉండాలా వద్దా? వాళ్లు లేకపోతే తెలిసినవాళ్లకే మళ్లీ చెప్పినట్టు. ఉంటే, ముందు వరుస కుర్చీలు అధికారులవీ పెద్దమనుషులవీ అవుతాయి, ఆడవాళ్లు వెనక చాపల మీద సర్దుకుంటారు. సినిమా అయ్యాక మైకు సర్పంచ్‌కు కాకుండా సర్పంచ్ భర్తకు వెళ్తుంది. ఆయన మాట్లాడాక ఇక చర్చ ఉండదు. గుడి దగ్గర తెర కడితే ఎస్సీ కాలనీ వాళ్లు ఎంతమంది వస్తారు, రాత్రి తొమ్మిదికి వేస్తే కోడళ్లు ఎంతమంది వస్తారు అన్నవి సినిమా ఎంపిక కంటే పెద్ద నిర్ణయాలు. ఆడవాళ్లకు విడిగా ఒకసారి, తర్వాత అందరికీ ఒకసారి వేయడం మధ్యేమార్గం. రెండుసార్లు వేసే ఓపిక మాత్రం మార్చి 8 కార్యక్రమాలకు తక్కువ.

తేలనివి

పక్షాల్ని పక్కపక్కన పెడితే తేడా స్పష్టమే. ప్రచార వర్గానికి జనసంఖ్య కొలమానం, చర్చావర్గానికి మాట్లాడిన వాళ్ల సంఖ్య, పస్తాపూర్ వంటి వాళ్లకు కెమెరా పట్టిన చేతులు, విమర్శకులకు ఏం మాట తెర మీద పడిందన్నది. మొదటి రెండింట్లో ఇప్పటి సాక్ష్యం రెండోదాని వైపు మొగ్గుతోంది. మిగతావి ఆ ప్రయోగాలు తాకనే లేదు.

ఉగాండాలో పెరిగింది ఫిర్యాదు చేయడానికి సిద్ధపడటం. ఆ మర్నాడు ఫిర్యాదు ఎవరు తీసుకోవాలన్నది సినిమా చేతిలో లేదు. మహిళా హెల్ప్‌లైన్ 181లో ఎవరైనా ఫోను ఎత్తాలి, బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రం ఆర్టీసీ బస్సు వెళ్లే దూరంలో ఉండాలి, స్టేషన్‌లో రాజీ కుదిర్చి పంపేయకూడదు. ఇవేవీ లేని చోట ధైర్యం కలిగించి వదిలేయడం ఆ మనిషికి హాని చేయవచ్చని మహిళా సంఘాల్లో పనిచేసేవాళ్లు అంటారు. ఇవి వచ్చేదాకా ఆగితే ఎప్పటికీ రావన్నది ఎదుటి వాదన. ధైర్యం ముందా, ఠాణా ముందా అన్న ఈ తగువు దూబగుంటలో తెగలేదు, ఇప్పుడూ తెగలేదు.

రెండో పేచీ తెర ఎక్కడుందన్నది. మలయాళ సినిమా ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ 2021లో నేరుగా ఓటీటీలోనే వచ్చింది. చాలామంది ఆడవాళ్లు దాన్ని ఫోనులో, పని అయ్యాక, ఒంటరిగా చూశారు. ఒవాహాకా ఫలితం ఇక్కడికి కూడా వర్తిస్తే, ఆ చూపుకి బలం తక్కువ. కానీ చూసినవాళ్లు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో రోజుల తరబడి ఎంగిలి కంచాల గురించి తమ ఇళ్ల సంగతులే రాసుకున్నారు. అది కలిసి చూసినట్టా, కాదా? పోనీ అదే సినిమాని సమాఖ్య భవనంలో గోడ మీద వేద్దామంటే, ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే పనికొస్తుంది, పదిమందికి చూపే హక్కు అందులో ఉండదు. నిర్మాతను అడిగి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. సెన్సార్ సర్టిఫికెట్ లేని చిన్న డాక్యుమెంటరీ అయితే బహిరంగ ప్రదర్శనకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం అడ్డొస్తుంది. లాప్‌టాప్‌కు వైరు తగిలించి ఏటా మార్చి 8న సినిమా వేసే నిర్వాహకుల్లో చాలామంది ఈ రెండు సంగతులూ పట్టించుకోకుండానే లాగించేస్తున్నారు.